ఐదో తరగతి పాపకు కోడింగ్ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

హన్మకొండలో ఐదో తరగతి చదువుతున్న పాపకు ఇప్పుడే పైథాన్ (ఆదేశాలు టైప్ చేసి రాసే కోడింగ్ భాష) కోచింగ్ పెట్టించాలా అని అడిగారు. అవసరం లేదండి. ఈ వయసులో బ్రాకెట్ మరిచిపోయినందుకు ఎర్రర్ వస్తుంటే టెన్షన్ తప్ప ఇంకేం మిగలదు.

స్క్రాచ్ అనే పిల్లల కోడింగ్ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టండి. ఎంఐటీ మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసింది, ఉచితం. ఆదేశాలు రంగురంగుల ముక్కలుగా ఉంటాయి, ఒకదానికొకటి తగిలించడమే. డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకున్నా నడుస్తుంది.

అయితే మొదటి వారం కంప్యూటరే వద్దంటాను. బతుకమ్మ పేర్చడం పాప చూసే ఉంటుంది కదా. ఒక పువ్వు, పక్కన ఇంకోటి, వరుస గుండ్రంగా కలిసేదాకా అదే పని. తర్వాత దాని మీద కొంచెం చిన్న వరుస. ఒకే పని మళ్లీ మళ్లీ చేయించడాన్ని లూప్ అంటారు. లూప్ లోపల లూప్ అంటే ఇదే. తంగేడు వరుస నిండితే గునుగు మొదలుపెట్టు అనేది షరతు. ఇదంతా పాపతో కాగితం మీద రాయించి, మీరు ఏమీ తెలియనట్టు అక్షరాలా పాటించండి. "పువ్వు పెట్టు" అని మాత్రమే రాస్తే తలకిందులుగా పెట్టేయండి. నవ్వుతూ తనే దిద్దుకుంటుంది. డీబగ్గింగ్, అంటే తప్పు వెతికి దిద్దడం, నేర్పడానికి ఇంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు.

తర్వాత స్క్రాచ్‌లో పెన్ ఎక్స్‌టెన్షన్ (గీతలు గీసే ముక్కలు) కలిపి నక్షత్రం గీయించండి: తెర మీది బొమ్మ 100 అడుగులు ముందుకు, 144 డిగ్రీలు తిరుగు, ఇలా ఐదుసార్లు. 144 ఎందుకని అడిగితే వెంటనే చెప్పకండి. (మీ కోసం: నక్షత్రం పూర్తయ్యేసరికి రెండు చుట్లు తిరుగుతాం, అంటే 720. ఐదుతో భాగించండి.)

పైథాన్ సంగతి ఏడో, ఎనిమిదో తరగతిలో, టైపింగ్‌లో చేయి తిరిగాక చూసుకోవచ్చు.