గాడిదపిల్ల నిజమైతే ఒలీవల కొండ నిజం కాదా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల మూడు ఉత్తరాలకే జవాబు రాస్తున్నాను. మూడూ ఒకే విషయం మీద వచ్చాయి. క్రీస్తు తిరిగి వచ్చి ఈ భూమి మీద వెయ్యేండ్లు పరిపాలిస్తాడని, ప్రకటన 20వ అధ్యాయంలో ఉన్న మాటను ఉన్నట్టే తీసుకోవాలని పోయిన సంచికలో రాశాను. మొదటి ఉత్తరం కాస్త ఘాటుగానే ఉంది. అయినా ఆ సహోదరుడు వాక్యం మీద ప్రేమతోనే రాశారని ప్రతి వరుసలో తెలుస్తోంది. అందుకే దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, వందనాలు. మాది తాతల నాటి నుంచీ లూథరన్ కుటుంబం. మీ బ్రదరన్ వారు ప్రవచనాలను అక్షరం పట్టుకుని చదువుతారు. ప్రకటన గ్రంథమంతా సూచనల భాష కదా, అందులో వెయ్యేండ్లు మాత్రం క్యాలెండర్ ఏళ్లు ఎలా అవుతాయి? ఈ బోధ 1830లలో మీ బ్రదరన్ తొలి నాయకుల్లో ఒకరైన డార్బీ గారు పుట్టించింది. మా ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం 17వ అధికరణం 1530లోనే ఇలాంటిదాన్ని తోసిపుచ్చింది. పైగా ఆధార్ నంబరే ప్రకటన 13లోని మృగం సంఖ్య 666 అని, కరోనా టీకాయే మృగం ముద్ర అని జనం హడలిపోయింది మీ బోధ వల్లే. దీనికి మీరు బాధ్యులు కారా? – ఒక సహోదరుడు, గుంటూరు

జవాబు: చివరి మాట నుంచి మొదలుపెడతాను. నన్ను బాగా బాధపెట్టింది అదే.

2021లో మా పేటలో ఒక పెద్దావిడ టీకా వేయించుకోనని మొండికేసింది. షుగరు మనిషి. ఎవరో ప్రసంగీకుడు మాట్లాడిన వీడియో ఒకటి మనవడి ఫోన్లో చూసిందట. నేను మూడుసార్లు వాళ్లింటికి వెళ్లాను. మూడోసారి వాదించడం మానేసి, అరుగు మీద కూర్చుని ప్రకటన 13, 14 అధ్యాయాలు మెల్లగా చదివి వినిపించాను. ముద్ర ఎక్కడ వేస్తారు? కుడిచేతి మీదనో, నొసటి మీదనో. ఎవరు వేయించుకుంటారు? మృగానికి నమస్కారం చేసేవాళ్లు. ఆమె కాసేపు ఊరుకుని, "మాస్టారూ, నాకు సూది ఎడమ జబ్బకి ఏస్తారంటగా. నేనెవరికీ మొక్కలేదే" అంది. ఆ వారమే వెళ్లి వేయించుకుంది.

ఆమె భయం పోయింది వచనాన్ని ఉన్నది ఉన్నట్టు చదివినప్పుడే. వచనంలో చెయ్యి ఉంది, నొసలు ఉంది, మృగారాధన ఉంది. ఆధార్ ఎక్కడుంది? టీకా ఎక్కడుంది? అవి బయటి నుంచి తెచ్చి అతికించినవి. వచనంలో లేని అర్థాన్ని దాని నెత్తిన రుద్దడాన్ని మేం అక్షరార్థం అనం.

అయితే మా వాళ్ల తప్పు లేదని నేను అనను. మా మావగారు కోరా గుడ్డ మీద రంగులతో వేసిన కాలాల చార్టు ఒకటి మా మందిరంలో ఇప్పటికీ ఉంది. ఏదెను తోట నుంచి క్రొత్త యెరూషలేము దాకా వరసగా వలయాలు ఉంటాయి. దాన్లో రాకడను చూపించే బాణం గుర్తు పక్కన ఎవరో పెన్సిల్‌తో 1988 అని రాశారు. ఇశ్రాయేలు రాజ్యం ఏర్పడింది 1948లో, తరం అంటే నలభై ఏళ్లు, కాబట్టి 1988 అని ఆ రోజుల్లో అమెరికాలో ఒకాయన ఏకంగా పుస్తకమే వేశాడు. ఆ గాలి మా గోదావరి దాకా వచ్చింది. 1989 జనవరిలో ఆ అంకెలను నేనే రబ్బరుతో తుడిచాను. గుడ్డ కదా, పూర్తిగా పోలేదు. పక్కకి నిలబడి చూస్తే ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ దినము, ఆ గడియ తండ్రికే తెలుసని మత్తయి 24:36లో ప్రభువు చెప్పిన మాటను అక్షరాలా నమ్మి ఉంటే ఆ చెయ్యి పెన్సిల్ పట్టేది కాదు.

ఇక సూచనల భాష సంగతి. నేను ముప్పై రెండేళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పినవాణ్ణి. మన అలంకార శాస్త్రంలో ఒక పాత ఉదాహరణ ఉంది: "గంగలో గొల్లపల్లె". నీళ్లలో పల్లె ఉండదు కాబట్టి గంగ అంటే గంగ ఒడ్డు అని అర్థం చేసుకుంటాం. దీన్ని లక్షణ అంటారు. దానికి మొదటి షరతు ముఖ్యార్థ బాధ. అంటే మాటకున్న నేరు అర్థం అక్కడ పొసగకపోవాలి. పొసగుతున్నప్పుడు వదిలిపెట్టే హక్కు చదివేవాడికి లేదు. ప్రవచనాల విషయంలో మేం చెప్పేదీ సరిగ్గా ఇదే. క్రీస్తు "యూదా గోత్రపు సింహము" అంటే ఆయనకు జూలు ఉందని మాలో ఎవరూ అనరు. అక్కడ నేరు అర్థం పొసగదు. వెయ్యేండ్లకు పొసగకపోవడం ఏముంది?

సూచన ఉన్నచోట కూడా వాక్యమే అర్థం విప్పుతుంది. దానియేలు 8లో పొట్టేలు, మేకపోతు కనిపిస్తాయి. పొట్టేలు మాదీయుల, పారసీకుల రాజులని, మేకపోతు గ్రేకుల రాజని అదే అధ్యాయం 20, 21 వచనాల్లో దూత చెప్పేశాడు. మేకపోతు సూచనే, కానీ అలెగ్జాండరు గాలిలోంచి పుట్టలేదు. నిజమైన సైన్యంతో వచ్చి నిజమైన పారసీక రాజ్యాన్ని కూల్చాడు. సూచన అనగానే వెనకున్న వస్తువు కరిగిపోదు.

కీర్తన 50లో "వేయికొండల మీది పశువులు" అంటే లెక్కపెట్టి వెయ్యి కొండలా అని మీరు అడగవచ్చు. కాదు, అది కీర్తన. ప్రకటన 20లో సంగతి వేరు. 2 నుంచి 7 వరకు ఆరు వచనాల్లో ఆరుసార్లు వెయ్యి సంవత్సరాలు అని ఉంది. సాతాను బంధింపబడటం ముందు, విడుదల కావడం తర్వాత. ఒక పునరుత్థానం ముందు, మిగిలినవాళ్లు లేవడం ఆ తర్వాత. మొదలు, కొస, ముందు, వెనక అన్నీ ఉన్న కాలాన్ని "చాలాకాలం" అని సరిపెట్టడానికి నాకు మనసొప్పదు.

దీనికి నాకు దారి చూపినవాడు దానియేలు. తొమ్మిదో అధ్యాయం తీయండి. అప్పటికే ముసలివాడు, బబులోనులో పరాయి కొలువు. యిర్మీయా గ్రంథం చదువుతున్నాడు. యెరూషలేము పాడుగా ఉండేది డెబ్బై ఏళ్లు అని కనబడింది. డెబ్బై అంటే సంపూర్ణతకు గుర్తు అనీ, యెరూషలేము అంటే మన హృదయం అనీ ఆయన అనుకోలేదు. ఏళ్లు లెక్కపెట్టాడు. లెక్కపెట్టి గోనెపట్ట కట్టుకుని, బూడిదలో కూర్చుని, ఉపవాసముండి ప్రార్థన చేశాడు. ఒక ప్రవక్త ఇంకో ప్రవక్తను ఎలా చదివాడో బైబిలే మనకు చూపిస్తోంది. అంతకంటే మంచి పాఠం నాకు ఏ కళాశాలలోనూ దొరకలేదు.

జెకర్యా ఒక్కణ్ణే తీసుకోండి. 9వ అధ్యాయంలో రాజు గాడిదపిల్ల మీద వస్తాడన్నాడు, ప్రభువు నిజమైన గాడిదపిల్ల మీదే యెరూషలేములోకి వచ్చాడు. 11లో ముప్పది వెండి నాణెములు, ప్రభువును అప్పగించిన ఇస్కరియోతు యూదా చేతిలో పడ్డవి సరిగ్గా ముప్పై. 12లో "తాము పొడిచినవాని" అని ఉంది, యోహాను 19లో బల్లెం నిజంగా దిగింది. ఇన్ని చోట్ల మీరూ నేనూ కలిసే ఆమేన్ అన్నాం. 14కి వచ్చేసరికి ఆయన పాదాలు ఒలీవల కొండ మీద నిలుస్తాయి, కొండ రెండుగా చీలుతుంది అంటే, మీరు అది ఆధ్యాత్మికం అంటున్నారు. ప్రవక్త ఒక్కడే, గ్రంథం ఒక్కటే. మధ్యలో చదివే పద్ధతి ఎందుకు మారాలి? ప్రభువు ఆరోహణమైంది కూడా ఆ కొండ మీద నుంచే. "ఆ రీతిగానే" తిరిగి వస్తాడని అక్కడ నిలబడ్డ శిష్యులకు చెప్పారు. ఈ ప్రశ్నకు జవాబు కోసం నలభై ఏళ్లుగా ఇతర సంఘాల పెద్దలను అడుగుతున్నాను. మిమ్మల్నీ అడుగుతున్నాను.

డార్బీ సంగతి. క్రీస్తు రాజ్యానికి ముందు లోకం మీదికి వచ్చే ఏడేండ్ల శ్రమలకు ముందే సంఘం పరలోకానికి ఎత్తబడుతుందన్న క్రమాన్ని ప్రచారం చేసింది ముఖ్యంగా ఆయనే, ఒప్పుకుంటాను. దాన్ని మా బ్రదరన్ వారిలోనే అందరూ ఒప్పుకోలేదు. బి.డబ్ల్యు. న్యూటన్ ఒప్పుకోలేదు. బ్రిస్టల్ అనాథల తండ్రి జార్జ్ ముల్లర్ ఒప్పుకోలేదు. 1836లో బౌడెన్, బీర్ దంపతులను మన దేశానికి వెంటబెట్టుకొచ్చిన ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్‌కు ఈ ముల్లర్ స్వయానా సోదరి భర్త. నరసాపురంలో మా పని మొదలైంది ఆ దంపతులతోనే. కానీ క్రీస్తు వచ్చాకే వెయ్యేండ్ల పరిపాలన అన్న నమ్మకం డార్బీది కాదు. రెండో శతాబ్దంలో హతసాక్షి జస్టిన్ దాన్ని స్పష్టంగా రాశాడు. లియోన్ బిషప్పు ఇరేనియస్ రాశాడు. అగస్టీన్ కూడా మొదట తానూ అలాగే నమ్మానని, తర్వాత మార్చుకున్నానని రాసుకున్నాడు. జస్టిన్ ఇంకో మాట కూడా అన్నాడు: శుద్ధమైన భక్తి గల క్రైస్తవులే చాలామంది ఇందులో తనతో ఏకీభవించరని. నేను మిమ్మల్ని ఆ వరుసలోనే గౌరవిస్తున్నాను.

మీ 17వ అధికరణాన్ని తిరిగి ఒకసారి చదవండి. మృతుల పునరుత్థానానికి ముందే భక్తులు లోకరాజ్యాన్ని చేజిక్కించుకుని, దుష్టులను అణచివేస్తారన్న బోధను అది ఖండించింది. 1525లో జర్మనీలో థామస్ ముంట్జర్ అనే బోధకుడు రైతుల చేతికి కత్తులిచ్చి ఏం చేశాడో ఆనాటి వాళ్లు కళ్లారా చూశారు. మేం చెప్పేది పునరుత్థానం తర్వాతి రాజ్యం. ప్రకటన 20:4లో వారు బ్రతికిన తర్వాతే రాజ్యం చేశారు. కత్తి పట్టి తెచ్చే రాజ్యాన్ని మీరెంత తోసిపుచ్చుతారో నేనూ అంతే తోసిపుచ్చుతాను.

ప్రశ్న: అంకుల్, మా అన్నయ్య సెమినరీలో చదువుతున్నాడు. కొత్త నిబంధన రాసినవాళ్లే ప్రవచనాల్ని అక్షరార్థంగా చదవలేదంటాడు. హోషేయ 11:1లో "ఐగుప్తులోనుండి నా కుమారుని పిలిచితిని" అన్నది ఇశ్రాయేలు గురించి, మత్తయి దాన్ని యేసుకు వాడాడు అంటాడు. నాకు టెన్షన్‌గా ఉంది. – ఒక చెల్లెలు, హైదరాబాద్

జవాబు: టెన్షన్ ఎందుకమ్మా, అన్నయ్య అడిగింది మంచి ప్రశ్న. మత్తయి ఏం చేశాడో చూడు. యేసు నిజంగా ఐగుప్తు వెళ్లాడు, నిజంగా తిరిగొచ్చాడు. ఆ మాట యేసుకు వర్తించినంత మాత్రాన ఇశ్రాయేలు ఐగుప్తులోంచి రాలేదని మత్తయి అన్నాడా? అనలేదు. పాత అర్థం అలాగే ఉంది, దాని మీద ఇంకొకటి నిండింది. ఒక దీపంతో ఇంకో దీపం వెలిగిస్తే మొదటిది ఆరిపోదు కదా. క్రీస్తులో నెరవేరింది కాబట్టి ఇశ్రాయేలుకిచ్చిన మాట రద్దయింది అనేవాళ్లతోనే నా పేచీ. దేవుడు తన పిలుపును వెనక్కి తీసుకోడని చెప్పే రోమా 11:29 చదివి వినిపించు.

అన్నయ్యకు నా తరఫున ఇంకో రెండు మాటలు చెప్పు. అపొస్తలుల కార్యములు 15లో దావీదు గుడారాన్ని మళ్లీ కడతానన్న ఆమోసు 9ని యాకోబు అన్యజనులు సంఘంలో చేరడానికి ఎత్తి చెప్పిన తీరు వాళ్ల వాదానికి బలమైన చోటు. యెహెజ్కేలు 40 నుంచి వచ్చే మందిరం, బలులు మాకు బరువైన చోటు. పాప క్షమాపణ కలిగినచోట ఇక బలి లేదని హెబ్రీ 10:18 చెబుతోంది. ఆ బలులు మనం రొట్టె విరిచినట్టే జ్ఞాపకార్థం అని నేను నమ్ముతాను. కానీ ఆ అధ్యాయాల్లో జ్ఞాపకార్థం అన్న మాట లేదు, ఆ సంగతి దాచను. ఒక బరువైన చోటు ఉందని తక్కిన గ్రంథమంతా చదివే పద్ధతి మార్చుకోలేం.

ప్రశ్న: అయ్యగారూ, నేను కువైట్‌లో డ్రైవర్‌ని. నా రూమ్మేట్ బేత్లెహేము దగ్గర ఊరివాడు, క్రైస్తవుడే. ఆ దేశం ఇశ్రాయేలుదే అని ప్రవచనం ఉందని నేనంటే, "మా నాన్న ఒలీవ తోట పోయింది. మీ దేవుడు చెప్పాడా అది లాక్కోమని?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. – ఒక తమ్ముడు, కువైట్

జవాబు: బాబూ, నోట మాట రాకపోవడమే మంచిదైంది. ముందు ఆయన చెప్పేది పూర్తిగా విను.

దేవుడు అబ్రాహాముకు చేసిన ప్రమాణం నిలుస్తుందని నేను నమ్ముతాను. అయితే అక్షరార్థంగా చదివేవాళ్లం అన్ని వచనాలూ అక్షరార్థంగానే చదవాలి. వాగ్దాన దేశంలోనే, ఇశ్రాయేలు రాజు అహాబు నాబోతు ద్రాక్షతోట లాక్కున్నాడు. దేశం నీదే కదా అని దేవుడు ఊరుకున్నాడా? ఏలీయాను పంపి, చంపి స్వాధీనం చేసుకున్నావా అని అడిగించాడు. తోటలో నిలబెట్టి అడిగించాడు. యిర్మీయా 7లో పరదేశిని, తండ్రిలేనివాళ్లను, విధవరాలిని బాధపెట్టకపోతేనే ఈ దేశంలో ఉంటారని మందిరం గుమ్మంలోనే చెప్పించాడు. వాగ్దానం చూపించి ఈ మాటలను దాటేసే ప్రసంగాలు మన తెలుగు సభల్లో విన్నాను. విని చాలా బాధపడ్డాను.

యెహెజ్కేలు 47:22, 23 తియ్యి. రాబోయే ఆ రోజుల్లో దేశాన్ని చీట్లు వేసి పంచేటప్పుడు, మీ మధ్య కాపురముండి పిల్లల్ని కన్న పరదేశులను దేశంలో పుట్టినవాళ్లలాగే ఎంచాలి, వాళ్లు ఏ గోత్రంలో ఉంటే ఆ గోత్రంలో వాళ్లకు భాగం ఇవ్వాలి అని ఉంది. గోత్రాల పేర్లు, సరిహద్దులు నిజమని నమ్మేవాడు ఈ రెండు వచనాలు కూడా నిజమని నమ్మాలి.

శుక్రవారం ఇద్దరికీ సెలవే కదా. ఆయన్ని అరబిక్ బైబిల్లో ఆ వచనాలు చదవమను, నువ్వు తెలుగులో చదువు. తర్వాత వాళ్ల నాన్నగారి తోట గురించి అడుగు. ఎన్ని చెట్లుండేవో, కోత ఏ నెలలో వచ్చేదో. ఆయనేమన్నాడో నాకు మళ్లీ రాయి.