గ్యాస్ 4 డాలర్లు దాటింది, ఇప్పుడు ఆర్‌వి కొనాలా?

ప్రశ్న: డాలస్ దగ్గర ప్లానోలో ఉంటున్నాం. మా వారికి 63, నాకు 61. ఆయన మొన్ననే రిటైరయ్యారు. ఆర్‌వి (లోపలే పడక, వంటగది ఉండే ఇల్లులాంటి బండి) కొనుక్కుని దేశమంతా తిరగాలని ఆయనకు ఎన్నో ఏళ్ల కోరిక. 95 వేల డాలర్లకు కొత్త క్లాస్ సి (వ్యాన్ ముందుభాగం మీద కట్టిన మధ్యరకం ఆర్‌వి) ఒకటి చూశాం. 401కె (ఉద్యోగంలో దాచుకున్న రిటైర్మెంట్ ఖాతా) లోంచి తీసి కొనేద్దాం అంటున్నారు. ఏడాదికి 10 వేల మైళ్లు, ఓ 4 నెలలు రోడ్డు మీదే అని ప్లాన్. ఇంతలో గ్యాలన్ 3 డాలర్లున్న గ్యాస్ (పెట్రోల్) 4 దాటింది. అద్దెలు, పెన్షన్ కలిపి నెలకు 4 వేలు వస్తాయి. హెల్త్ ఇన్సూరెన్స్ మార్కెట్‌ప్లేస్‌లో (ఆదాయాన్ని బట్టి ప్రభుత్వ సబ్సిడీ దొరికే చోట) తీసుకున్నాం. గ్యాస్ ఇలా పెరుగుతుంటే నాకు నిద్ర పట్టడం లేదు. మేము దీన్ని భరించగలమా?

జవాబు: ముందు మీ నిద్ర చెడగొడుతున్న లెక్క చూద్దాం. క్లాస్ సి బండి గ్యాలన్‌కు 8 నుంచి 10 మైళ్లు ఇస్తుంది. 9 అనుకుందాం. 10 వేల మైళ్లకు 1,111 గ్యాలన్లు కావాలి. గ్యాలన్ 3 డాలర్లయితే ఏడాదికి 3,333, 4 డాలర్లయితే 4,444. అంటే గ్యాస్ ఒక డాలర్ పెరిగితే మీ మీద పడే అదనపు భారం నెలకు 93 డాలర్లు. తక్కువేమీ కాదు, కానీ మీ కొంప ముంచేది మాత్రం ఇది కాదు.

గ్యాస్ ధర మనల్ని ఇంతగా ఎందుకు భయపెడుతుందో నేను దగ్గరుండి చూశాను. రెండేళ్ల కిందట వేసవిలో ఒక స్నేహితుడి కుటుంబంతో కలిసి అద్దె ఆర్‌విలో ఐ-40 మీద వెళ్తూ ఆమరిల్లోలో గ్యాస్ కోసం ఆగాం. ఆ బండి ట్యాంకు 55 గ్యాలన్లు. ట్యాంకు నిండకుండానే పంపు టక్కున ఆగిపోయింది. కార్డు మీద ఒక్కసారికి ఇంతేనని పరిమితి ఉంటుంది కదా, అది 125 డాలర్లకు వచ్చింది. నా స్నేహితుడు మళ్లీ కార్డు పెట్టి మిగతాది నింపాడు. రెండు రసీదులూ చేతిలో పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత చాలా దూరం మాట్లాడలేదు. అదే మనిషి ఆ రాత్రి క్యాంప్‌గ్రౌండ్ ఆఫీసులో ఒక్క రాత్రికి 78 డాలర్లు అడిగితే మారు మాట లేకుండా ఇచ్చేశాడు. గ్యాస్ ధర ప్రతి కూడలిలో పెద్ద అంకెల్లో వేలాడుతుంది. మిగతా ఖర్చులకు బోర్డులు ఉండవు.

ఆ కనిపించని ఖర్చుల సంగతి చెప్తాను. కొత్త ఆర్‌వి మొదటి ఏడాదిలోనే అయిదో వంతు దాకా విలువ పోగొట్టుకోవడం మామూలే. 95 వేల మీద అది 19 వేలు. గ్యాస్ ఒక డాలర్ పెరిగితే మీకయ్యే అదనపు ఖర్చుకు ఇది 17 రెట్లు. ప్లానోలో మీ హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) బండిని ఇంటి ముందు పెట్టనివ్వకపోవచ్చు, నియమాలు ఇప్పుడే తీసి చూడండి. బయట స్టోరేజీ నెలకు 150 అనుకున్నా ఏడాదికి 1,800. ఇన్సూరెన్స్ వేరే. టైర్లు ఆరు ఉంటాయి. అవి అరిగిపోయి కాదు, వయసైపోయి మార్చాల్సి వస్తుంది. ఆరేడేళ్లు దాటాక చూడటానికి బాగానే ఉన్నా హైవే మీద నమ్మకూడదు. ఇక పైకప్పు అతుకులు ఏటా చూసుకోకపోతే వాన నీళ్లు గోడల్లోకి దిగుతాయి, ఆ రిపేరు బిల్లు చాలా పెద్దది. బండి రోజుకు 300 మైళ్లు తిరిగినా, 8 నెలలు కదలకుండా పడి ఉన్నా ఈ ఖర్చులు ఆగవు.

నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించింది 401కె మాట. మీ వారికి 59½ దాటింది కాబట్టి ముందుగా తీసినందుకు పడే 10 శాతం పెనాల్టీ లేదు, నిజమే. కానీ తీసిన ప్రతి డాలర్ ఆ ఏడాది ఆదాయం కిందే లెక్క. మీకు ఏటా వచ్చే 48 వేలకు తోడు, 95 వేలు చేతికి రావాలంటే సుమారు 1,10,000 తీయాలి. 15 వేలకు పైగా ఫెడరల్ పన్నుకే పోతుంది. టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదు కాబట్టి ఇంతటితో ఆగింది. అసలు దెబ్బ ఇన్సూరెన్స్ మీద పడుతుంది. 2026 కవరేజీకి ఇద్దరున్న ఇంట్లో ఏడాది ఆదాయం 84,600 డాలర్లు దాటితే మార్కెట్‌ప్లేస్ సబ్సిడీ రాదు. మీది లక్షన్నర దాటిపోతుంది. ఇప్పటిదాకా నెలనెలా తగ్గించి ఇచ్చిన సబ్సిడీని కూడా టాక్స్ ఫైల్ చేసేటప్పుడు వెనక్కి కట్టాలి. అరవై దాటిన ఇద్దరికి పూర్తి ప్రీమియం ఎంతవుతుందో మీ ప్లాన్ కాగితాల్లోనే ఉంటుంది, ఒకసారి చూడండి. ఆ అంకె ముందు గ్యాస్ ఖర్చు చాలా చిన్నది. దయచేసి ఒకే ఏడాదిలో అంత డబ్బు తీయకండి.

ఇప్పుడు గ్యాస్ విషయం. పంపు దగ్గర మనం కట్టే దాంట్లో పెద్ద భాగం ముడి చమురుదే. తర్వాత రిఫైనరీ ఖర్చు, రవాణా, పన్నులు. ఫెడరల్ పన్ను గ్యాలన్‌కు 18.4 సెంట్లు, 1993 నుంచి మారలేదు. ముడి చమురు ధర మీ చేతిలో లేదు, నా చేతిలోనూ లేదు. కానీ ఎప్పుడు బయల్దేరాలో, ఎంత దూరం తిరగాలో మీ చేతిలోనే ఉంది. వేసవిలో అమ్మే గ్యాస్ మిశ్రమం వేరు, తయారీ ఖర్చు ఎక్కువ. పైగా బడి సెలవులకు అందరూ రోడ్డెక్కుతారు. అందుకే వసంతంలో ధర లేస్తుంది, మామూలుగా సెప్టెంబర్‌లో లేబర్ డే తర్వాత నెమ్మదిస్తుంది. మీకు పిల్లల బడి లేదు, ఆఫీసు లీవు గొడవ లేదు. రిటైరైన వాళ్లు జూలైలో బయల్దేరడం ఎందుకు? సెప్టెంబర్, అక్టోబర్‌లో వెళ్లండి.

ఇంకొకటి, 10 వేల మైళ్లు అవసరమా? రోజూ బండి కదపాలనే ఆత్రం కొత్తవాళ్లందరికీ ఉంటుంది. ఒకే చోట మూడు నాలుగు వారాలు ఉండి చుట్టుపక్కల చూస్తే మైళ్లు 6 వేలకు దిగుతాయి. అప్పుడు గ్యాలన్ 5 డాలర్లయినా మీ బిల్లు 3,333. గ్యాస్ 3 డాలర్లున్నప్పుడు మీరు వేసుకున్న ఖర్చు కూడా అంతే! పైగా చాలా క్యాంప్‌గ్రౌండ్లలో నెల రేటు రోజువారీ రేటు కన్నా బాగా తక్కువ. కరెంటు మాత్రం మీటరు చూసి వేరేగా వేస్తారు, ముందే అడగండి.

మీ వారు 62 దాటారు కాబట్టి, పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ ఉంటే నేషనల్ పార్కుల సీనియర్ పాస్ తీసుకోండి. 80 డాలర్లకు జీవితాంతం. ఫెడరల్ క్యాంప్‌గ్రౌండ్లు చాలావాటిలో సగం ధరకే చోటు దొరుకుతుంది. ఇంత తక్కువకు ఇంత లాభం ఇచ్చేది నాకు ఇంకోటి కనపడలేదు.

ఊరికే దొరుకుతుందని జూలైలో ఏదో స్టోరు పార్కింగ్‌లో పడుకుంటే ఏసీ కోసం రాత్రంతా జనరేటర్ నడపాలి. అది గంటకు అర గ్యాలన్ దాకా తాగుతుంది, ఎనిమిది గంటలకు 4 గ్యాలన్లు, 16 డాలర్లు. నీళ్ల ట్యాంకు నింపుకుని దూరాలు వెళ్లకండి, 40 గ్యాలన్ల నీళ్లంటే 330 పౌండ్ల బరువు. 70లో నడిపే చోట 60లో నడిపితే తేడా ట్యాంకు ట్యాంకుకీ కనిపిస్తుంది. దారి కూడా ముందే చూసుకోవాలి. యూటాలోని జయాన్ పార్కులో మౌంట్ కార్మెల్ రోడ్డు మీద 2026 జూన్ 7 నుంచి 7 అడుగుల 10 అంగుళాలకు మించి వెడల్పున్న బండ్లను వెళ్లనివ్వరు. క్లాస్ సి బండ్లు సాధారణంగా అంతకన్నా వెడల్పే. అక్కడి నుంచి బ్రైస్ కాన్యన్‌కు చుట్టు తిరిగి వెళ్లాలి, ఆ మైళ్లకూ గ్యాస్ కావాలి.

నా మాటగా చెప్పమంటే, ఈ ఏడాది కొనకండి. సెప్టెంబర్‌లో మూడు వారాలు అద్దెకు తీసుకుని ఆమరిల్లో, శాంటా ఫే మీదుగా గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ దాకా వెళ్లి రండి. తిరుగుళ్లతో కలిపి 2,400 మైళ్లు అనుకోండి. గ్యాస్ 4 డాలర్ల చొప్పున 1,067 అవుతుంది. అద్దె కాగితంలో మైలు ఛార్జీ అనే లైను మాత్రం వదలకుండా చదవండి. మైలుకు 40 సెంట్లు రాశారనుకుందాం, అది ఇంకో 960. అంటే గ్యాస్ ఖర్చు రెట్టింపైనట్టే. కొంతమంది కొన్ని మైళ్లు కలిపి ప్యాకేజీ ఇస్తారు, అది అడగండి.

ఆ మూడు వారాల్లో అసలు విషయాలు తెలుస్తాయి. మురుగు ట్యాంకు ఖాళీ చేయడం ఎవరి పని, ఆ చిన్న స్టవ్ మీద రెండు పూటలా వండటం మీకు ఇష్టమేనా, మీ వారి నడుం అయిదు గంటల డ్రైవింగ్‌కు ఒప్పుకుంటుందా, ఆయనకు ఒంట్లో బాగోలేని రోజున బండి మీరు నడపగలరా. ఈ చివరిది చాలా కుటుంబాలు కొన్నాక ఆలోచిస్తాయి.

తిరిగొచ్చాక కూడా కోరిక అలాగే ఉంటే అయిదారేళ్ల పాత బండి చూడండి, మొదటి యజమాని పోగొట్టుకున్న విలువ మీకు కలిసొస్తుంది. 401కె నుంచి తీయాల్సి వస్తే రెండు మూడేళ్లకు పంచుకుని, ఏ ఏడాదీ ఆ 84,600 గీత దాటకుండా తీయండి. గీత ఏటా మారుతుంది, ప్రతి నవంబర్‌లో చూసుకోండి. గ్యాస్ బడ్జెట్ గ్యాలన్ 5 డాలర్ల లెక్కన వేసుకోండి. 2022 జూన్ 14న దేశం మొత్తం సగటు 5.016కు చేరింది, ట్రిపుల్ ఏ (వాహనదారుల సంఘం) లెక్కల్లో ఇప్పటిదాకా సాధారణ గ్యాస్‌కు అదే రికార్డు. ఆ ధరకు కూడా మీ నెల ఖర్చు గట్టెక్కుతుందంటే బోర్డుల వైపు చూడకుండా బయల్దేరవచ్చు. ధర అంతకన్నా తక్కువుంటే మిగిలిన డబ్బు టైర్లకు పక్కన పెట్టండి.

మీ వారి కోరికను వాయిదా వేస్తూ పొమ్మని నేను అనడం లేదు. మోకాళ్లు బాగున్నప్పుడే తిరగాలి. అద్దె కొటేషన్లు రెండు మూడు తెప్పించాక, సంతకం పెట్టకముందే నాకు పంపండి. మైలు ఛార్జీ, జనరేటర్ గంటల ఛార్జీ, ఇన్సూరెన్స్ డిడక్టిబుల్ (నష్టంలో ముందు మీరు కట్టాల్సిన వాటా) ఈ మూడూ చూసి ఏది తీసుకోవాలో చెప్తాను.