ఉపవాసం నాడు తలంటుకోమన్నాడు

"విభూది బుధవారం నుంచే మనసు బరువెక్కుతుంది. నలభై రోజులూ నా తప్పులే కళ్ల ముందు తిరుగుతాయి. గుడిలోనేమో దేవుని కనికరంలో ఆనందించండి అంటారు. ఏడవాల్సిన కాలంలో ఆనందం ఎట్లా?" అని హన్మకొండ నుంచి అడిగారు మీరు. నొసటికి విభూది రాయించుకునే ఆ బుధవారం నుంచి ఈస్టర్ దాకా ఉపవాసం, ప్రార్థనలతో గడిపే ఈ నలభై రోజులనే మన కతోలికులం తపస్సుకాలం అంటాం. నేను కాజీపేటవాణ్ణి. ఈ బరువు నేనూ ఏళ్ల తరబడి మోశాను. అందుకే బోధలాగా కాకుండా, నాకు జరిగింది జరిగినట్టు చెప్తాను.

మా నాయనమ్మ ఇటలీ ఫాదర్ల కాలంలో జ్ఞానస్నానం తీసుకున్న మనిషి. తపస్సుకాలం వచ్చిందంటే మా ఇంట్లో రేడియో బంద్, కూర బంద్, తలకు నూనె కూడా బంద్. శుక్రవారం, ప్రభువు సిలువ మోసిన దారిని తలుచుకుంటూ చేసే సిలువ మార్గం ప్రార్థనలో 14 స్థలాల దగ్గరా మోకాళ్ల మీద కూర్చోవాల్సిందే. మేం పిల్లలం పొరపాటున గట్టిగా నవ్వితే, "ప్రభువు అక్కడ సిలువ మోస్తుంటే మీకు నవ్వులొస్తున్నయా?" అని కసిరేది. ఆమె భక్తిని నేనేమీ తక్కువ చేయను, చేతులు జోడించడం నేర్పింది ఆమే. కానీ దేవుడు ఈ నలభై రోజులూ మన మీద కోపంగా ఉంటాడన్న భయం కూడా అప్పుడే నాలో పడిపోయింది. పెద్దయ్యాక కూడా పోలేదు.

విభూది బుధవారం నాడు బైబిల్లోని మత్తయి సువిశేషం ఆరో అధ్యాయం చదువుతారు కదా. ఉపవాసం చేసేటప్పుడు ముఖం వేలాడేసుకోవద్దు అని చెప్పి ప్రభువు ఏమంటాడు? "తల అంటుకొని, నీ ముఖము కడుగుకొనుము." మనం తలంటు ఎప్పుడు పోసుకుంటాం? దీపావళికి, ఉగాదికి, పెళ్లికి. పండుగనాడు చేసే పనిని ఆయన ఉపవాసం నాడు చేయమంటున్నాడు. ఈ వాక్యం చిన్నప్పటి నుంచీ ఏటా వింటూనే ఉన్నాను, నలభై దాటాక గానీ చెవికి ఎక్కలేదు.

ఎందుకు ఎక్కలేదో కూడా చెప్పాలి. 2018లో నేను దుకాణం పెడతానని మా చెల్లె దగ్గర 1,20,000 రూపాయలు తీసుకున్నాను. అది చిట్టీ ఎత్తిన డబ్బు, బిడ్డ చదువుకని దాచుకున్నది. దుకాణం నడవలేదు. ఏడాది తర్వాత చెల్లె మెల్లగా అడిగితే, "నేనేమన్నా పారిపోతున్ననా?" అని మా అమ్మ ముందే అరిచాను. పోవడం, రావడం మానేశాను. బంధువులు అడిగితే "పైసల కోసం అన్నను అవమానించింది" అని చెప్పాను. డబ్బు ఇవ్వకపోవడం కంటే ఈ అబద్ధమే పెద్ద తప్పు.

ఈ మధ్యలో ఒక్క తపస్సుకాలం కూడా వదల్లేదు నేను. శుక్రవారాలు ఉపవాసం, మాంసం ముట్టేది లేదు, రోజూ పిడికెడు బియ్యం బీదల డబ్బాలో వేసేవాణ్ణి. అంతకు ముందటి ఏడాది మ్రానికొమ్మల ఆదివారం (ఈస్టర్‌కు ముందటి ఆదివారం) నాటి ఎండిన ఈత మట్టలు కాల్చి విభూది చేయడానికి ఇచ్చేటప్పుడు, మా ఇంటివి తీసుకెళ్లి ఇచ్చేది నేనే. నొసటి మీద విభూది రాస్తే కొంచెం రాలి ముక్కు మీద పడుతుంది చూడండి, అది కూడా తుడుచుకోకుండా ఇంటికి వచ్చేవాణ్ణి. పాపసంకీర్తనానికి, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి కూడా వెళ్లేవాణ్ణి. వెళ్లి ఏం చెప్పేవాణ్ణి? "ఇంట్లో చిన్న చిన్న మాటలు అనుకున్నాం ఫాదర్." అంతే. బయటికి వచ్చాక బరువు అట్లాగే ఉండేది. నేను పాపిని, నేను పాపిని అని లోపల అనుకుంటూ ఉండేవాణ్ణి కానీ, చెల్లె పేరు మాత్రం నోటికి రానిచ్చేవాణ్ణి కాదు. లెక్క పుస్తకం దేవుని చేతికి ఇవ్వకుండా నా దగ్గరే దాచుకుని, దాన్నే చూసి ఏడ్చాను. దాన్ని పశ్చాత్తాపం అనుకున్నాను.

2025 మార్చిలో ఒక శుక్రవారం, ఫాతిమానగర్‌ కెథడ్రల్‌లో సిలువ మార్గం అయ్యాక కూర్చున్నాను. ఆరో స్థలంలో వెరోనిక ప్రభువు ముఖం తుడిచే ఘట్టం ఆ రోజు ఎందుకో మనసులో నిలిచిపోయింది. ఆమె సిలువను ఆపలేదు, చేతిలో ఉన్న గుడ్డతో ముఖం తుడిచింది. నేను చెల్లె ముఖం తుడవకపోగా ఆమె పేరుకే మసి పూశాను. లేచి వెళ్లి, ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను: పేరు, మొత్తం, అబద్ధం, అన్నీ. ఫాదర్ తిడతారనుకున్నాను. ఆయన ఒక్కటే అడిగారు.

"మీ చెల్లె ఎక్కడుంటది?"

"జనగామలో ఫాదర్."

"దూరమేం కాదు కదా."

పాపక్షమాపణ ఇచ్చి పంపించారు. బయటికి వచ్చేసరికి చీకటి పడింది. జంక్షన్ వైపు నుంచి రైలు కూత వినిపిస్తోంది. నాకు ఆకలి వేసింది. నవ్వకండి, నిజంగా చాలా ఏళ్ల తర్వాత ఆకలి వేసినట్టు వేసింది. ఇంటికి వెళ్లి పప్పన్నం రెండుసార్లు పెట్టించుకున్నాను. మీరు అడిగిన ఆనందం నాకు మొదలైంది అక్కడే. చెల్లె ఇంకా క్షమించలేదు, రూపాయి తిరిగి ఇవ్వలేదు, అయినా మొదలైంది.

పోపు ఫ్రాన్సిస్ ఎన్నికైన వారంలోనే, 17 మార్చి 2013న, మొదటిసారి ఆదివారం మధ్యాహ్న ప్రార్థనకు కిటికీలోకి వచ్చి చెప్పిన మాట ఇదే: క్షమించడంలో దేవుడు అలసిపోడు, అడగడంలో మనమే అలసిపోతాం. ఆ రోజు కూడా తపస్సుకాలంలోని ఐదో ఆదివారమే. రాళ్లు పట్టుకుని నిలబడ్డవాళ్ల మధ్య, వ్యభిచారంలో పట్టుబడ్డ స్త్రీని ప్రభువు శిక్షించకుండా పంపించిన సువిశేషం ఆనాడు చదివారు. ఆ మాట ఎన్నోసార్లు విన్నాను, ఇతరులకు కూడా చెప్పాను. ఆ శుక్రవారం మాత్రం అది నాకే చెప్పినట్టు అనిపించింది.

తర్వాత 30 మార్చి వచ్చింది. తపస్సుకాలపు నాలుగో ఆదివారం, అదే రోజు ఉగాది. ఆ ఆదివారానికి లతీను పేరు లేతారే, అంటే సంతోషించు అని అర్థం. యెరూషలేముతో కలిసి సంతోషించండి అన్న యెషయా ప్రవక్త పిలుపు నుంచి వచ్చింది ఆ పేరు. మిగతా రోజుల్లో ఊదా రంగు వేసుకునే గురువులు ఆ ఒక్క రోజు గులాబీ రంగు వస్త్రాలు వేసుకోవచ్చు, పీఠం మీద పూలు పెట్టవచ్చు. తపస్సుకాలం నడిమధ్యలో సంతోషించమని తిరుసభే, అంటే మన చర్చే చెప్తోంది, గమనించండి. అసలు ఆదివారాలు ఆ నలభైలో లెక్కకే రావు. విభూది బుధవారం నుంచి ఈస్టర్ ముందురోజైన పవిత్ర శనివారం దాకా లెక్కపెడితే 46 రోజులు, అందులో 6 ఆదివారాలు తీసేస్తేనే 40.

ఆ రోజు సువిశేషం లూకా 15, తప్పిపోయిన కుమారుడు: ఆస్తిలో వాటా తీసుకుపోయి, అంతా పాడుచేసుకుని తండ్రి ఇంటికి తిరిగొచ్చే చిన్నకొడుకు కథ. వాడు దారి పొడవునా మూడు మాటలు బట్టీ పడతాడు: పాపం చేశాను, నీ కొడుకునని అనిపించుకోవడానికి తగను, కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో. తండ్రి ముందు రెండే చెప్పగలుగుతాడు. మూడోది చెప్పేలోపే తండ్రి పనివాళ్లను పిలిచి బట్టలు తెమ్మంటాడు, ఉంగరం తెమ్మంటాడు. కూలివాడిగా ఉంటానన్న మాట ఆ ఇంట్లో ఎవరికీ వినిపించనే లేదు.

పూజ అయ్యాక బస్సెక్కాను. కవర్లో 30,000 ఉంది. నేనూ మాటలు బట్టీ పడుతూనే ఉన్నాను. మడికొండ దాటాక కండక్టరు "కరుణాపురం, కరుణాపురం" అని అరిస్తే గుండె ఝల్లుమంది. ఆ పేరు అప్పటిదాకా నాకు ఒక స్టేజీ మాత్రమే.

చెల్లె ఇంటి తలుపు తీసే ఉంది. వంటింట్లో కింద కూర్చుని కొత్త కుండలో పచ్చడి కలుపుతోంది, మోచేతి దాకా చింతపండు పులుసు. మన దగ్గర ఉగాది పచ్చడి తాగేదే కదా, గ్లాసులు వరసగా పెట్టుకుంది. నన్ను చూసి లేవలేదు. "కాళ్లు కడుక్కో అన్నా" అంది. నేను నిలబడే మొదలుపెట్టాను: "చెల్లె, నేను చేసింది..." గ్లాసు ముంచి చేతికిచ్చింది. "ముందు తాగు." పెదవికి వేపపువ్వు తగిలింది. మిగతా మాటలు రాలేదు, కన్నీళ్లు వచ్చాయి. "ప్రతి ఉగాదికి నీ గ్లాసు పక్కకు పెడుతనే ఉన్న" అంది, కుండలోకి చూస్తూనే.

అంతా ఆ పూటే చక్కబడిపోయిందని చెప్పను. మా బావ లోపలి గదిలోంచి బయటికి రాలేదు. నాతో సరిగ్గా మాట్లాడడానికి ఆయనకు నెలలు పట్టింది, అది ఆయన హక్కు. తప్పిపోయిన కుమారుడి కథలో పెద్దకొడుకు కూడా, తమ్ముడికి విందు చేశారని అలిగి బయటే నిలబడతాడు, చివరికి లోపలికి వచ్చాడో లేదో లూకా రాయలేదు. అబద్ధం చెప్పిన బంధువులందరికీ ఒక్కొక్కరికి ఫోన్ చేసి నిజం చెప్పాను. అది ఉపవాసం కంటే కష్టంగా అనిపించింది.

మీకు చెప్పగలిగింది ఇంతే. 2026లో విభూది బుధవారం 18 ఫిబ్రవరి, లేతారే ఆదివారం 15 మార్చి. ఈస్టర్ ముందు వచ్చే పవిత్ర వారం రద్దీ దాకా ఆగకుండా మామూలు రోజున, ఫాదర్‌కు తీరిక ఉన్నప్పుడు వెళ్లండి. "నేను చెడ్డదాన్ని" అనో "చెడ్డవాణ్ణి" అనో కాకుండా, చేసింది ఏమిటో పేరు పెట్టి చెప్పండి. బైబిల్లోని 51వ కీర్తన చదివేటప్పుడు "కరుణింపుము" దగ్గర ఆగిపోకండి, "నీ రక్షణానందము నాకు మరల పుట్టించుము" దాకా వెళ్లండి. పాపం ఒప్పుకుంటూనే దావీదు సంతోషం కావాలని అడుగుతున్నాడు, మీరూ సిగ్గుపడకుండా అడగండి. ఇంకొకటి, నిద్ర, తిండి లేకుండా వారాల తరబడి కుంగుదలగా ఉంటే డాక్టరుకు కూడా చూపించుకోండి. అది విశ్వాసం తక్కువై వచ్చేది కాదు.

మా చెల్లెకు ఇంకా 60,000 ఇవ్వాలి. ప్రతి నెలా 5వ తారీఖున 3,000 పంపుతున్నాను. డబ్బు ముట్టగానే ఫోన్ చేస్తుంది. డబ్బు మాట ఎత్తదు. "అన్నా, తిన్నవా?" అని అడుగుతుంది.