బూడిద లెక్క రాసే ముందు గట్టెక్కు

అమ్మలూ,

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. నీకు రామగుండం థర్మల్‌లో పర్యావరణ విభాగంలో పోస్టింగ్ వచ్చిందట, బూడిద లెక్కలూ రిపోర్టులూ నీకే అప్పజెబుతున్నారట. ఆ మాట వినగానే మీ అత్తయ్య దేవుడి దగ్గర దీపం పెట్టింది. నాకు తెల్లవారుజాము దాకా నిద్ర పట్టలేదు. మన ఇంటి పిల్ల నేను ముప్ఫై ఏళ్లు చేసిన పనిలోకి వస్తోందని ఒళ్లు పొంగిపోయింది. దాని వెనకే, ఆ పనిలో నేను చేసిన తప్పు నీకెవరు చెబుతారన్న గుబులూ పట్టుకుంది.

తేలికవి ముందు చెప్పేస్తాను. వాడేసిన నూనెలాంటి ప్రమాదకర వ్యర్థాలు 90 రోజులు దాటి షెడ్డులో ఉండకూడదు. అనుమతి ఉన్నవాడికే ఇవ్వు, ఆ సరుకు వెంట వెళ్లే మానిఫెస్ట్ చీటీ కాపీ దాచుకో. ఆ వ్యర్థాల ఏడాది లెక్క, ఫారం 4, జూన్ 30కి, పర్యావరణ స్టేట్‌మెంట్ సెప్టెంబర్ 30కి. గోడ క్యాలెండర్ మీద ఎర్ర సిరాతో రాసిపెట్టుకుంటే చాలు.

బూడిద సంగతి వేరు. మన బొగ్గులో నూటికి 30 నుంచి 40 పాళ్లు బూడిదే. 500 మెగావాట్ల యూనిట్ ఫుల్ లోడు మీద నడిస్తే రోజుకి ఏడెనిమిది వేల టన్నుల బొగ్గు మింగి, సుమారు రెండున్నర వేల టన్నుల బూడిద కక్కుతుంది. రామగుండం పాత స్టేషన్‌లో అలాంటివి నాలుగు, 200 మెగావాట్లవి మరో మూడు. ఆ బూడిదలో ఐదింట నాలుగు వంతులు పొగతో పైకి పోయి, పొగలోంచి బూడిదను కరెంటుతో లాగే ఈఎస్‌పీ కింది తొట్లలో పడే ఫ్లై యాష్, మిగతాది బాయిలర్ అడుగున పడేది. పొడిది సైలో అనే పెద్ద గాదె నుంచి బల్కర్లలో, అంటే మూత ట్యాంకర్లలో, సిమెంటుకూ ఇటుకలకూ పోతుంది. పోనిదాన్ని నీళ్లలో కలిపి పైపుల్లో బూడిద చెరువుకు తోలతారు.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. స్టేషన్ పేరు రాయను. 1999లో బూడిదను వాడకంలోకి తేవాలని ఫ్లై యాష్ నోటిఫికేషన్ వచ్చాక, ఈ నెల ఎంత శాతం వాడకానికి ఎత్తారని పైనుంచి అడగడం మొదలైంది. మా సైలో దగ్గర వేబ్రిడ్జి, అంటే లారీలు తూచే కాటా, పాడై ఉంది. కాంట్రాక్టరు మనిషి నెలాఖరుకి ట్రిప్ షీట్ల కట్ట తెచ్చేవాడు. బల్కర్‌కి 16 టన్నులని గుణించేసేవాణ్ణి. కాలిన బొగ్గుని బట్టి పుట్టిన బూడిద ఎంతో కట్టి, అందులోంచి ఎత్తింది తీసేసి, మిగిలింది చెరువుకు పోయిందని రాసేవాణ్ణి. లెక్క ప్రతి నెలా పైసాతో సహా సరిపోయేది. సరిపోక ఏం చేస్తుంది? ఆ మూడో అంకె కొలిచింది కాదు, తీసివేతలో మిగిలింది.

సైలో కింద గాలి సరిగ్గా అందక బూడిద గడ్డ కడుతోంది. సగం బల్కర్లు వెలితిగానే గేటు దాటుతున్నాయి. సైలోలోకి పట్టని బూడిదంతా తడి లైనులో చెరువుకే చేరుతోంది. ఏడాదికి పైగా ఇలా సాగింది. నా కాగితాల ప్రకారం చెరువులో వానలు వెళ్లేదాకా చోటుంది. ఆ కాగితం చూసే గట్టు ఎత్తు పెంచే పని ఎండాకాలం నుంచి వాయిదా వేశారు.

ఆగస్టులో ముసురు. గట్టు దగ్గరి వాచ్‌మన్ మూడు రోజులుగా చెబుతున్నాడు, "సార్, గట్టు కింద నీళ్లు ఊరుతున్నాయి" అని. గట్టన్నాక ఊట ఉంటుందిలే అన్నాను. మూడో రోజు ఆ నీళ్లే సీసాలో పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టాడు. కాసేపటికి సీసా అడుగున వేలెడు మందాన బూడిద పేరుకుంది. చూశాను తల్లీ, ఈ కళ్లతోనే చూశాను. ఆ సాయంత్రం నెలవారీ రిపోర్టు పంపాలి. సీసా పక్కకి జరిపి రిపోర్టు పూర్తి చేశాను.

ఆ రాత్రే గట్టు తెగింది. ప్రాణాలు పోలేదు. తెల్లారి వెళ్లేసరికి, వారం కిందట నాట్లు వేసిన మళ్లు గచ్చు చేసినట్టు నున్నగా, బూడిదరంగులో ఉన్నాయి. పైకి ఆకు కొసలే కనిపిస్తున్నాయి. ఆ మడి రైతు నన్ను తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని మోచేతి దాకా ఆ బురదలోకి దింపి, "కింద నేల తగులుతోందా సార్?" అని అడిగాడు. తగల్లేదు. పరిహారం ఇచ్చారు, బూడిద తోడించారు. మళ్లీ నాలుగో ఏడుకి గానీ ఆ మళ్లలో పంట నిలవలేదు.

అందుకే నీకు పదే పదే చెబుతున్నాను. మూడు అంకెలూ మూడుచోట్ల కొలిపించు. పుట్టింది బొగ్గు దగ్గర. ఎత్తింది వేబ్రిడ్జి మీద. అది పాడైతే "తూకం వేయలేదు" అనే రాయి, గుణించకు. చెరువులో పడింది వానలకు ముందూ తర్వాతా సర్వే చేయించి. సరిపోకపోతే సరిపోలేదనే రాయి, తేడా ఎక్కడుందో వెతుకు. గని గోతులు నింపడానికని పోయిన లారీల వెనక నెలకోసారైనా వెళ్లి, ఎక్కడ ఒంపుతున్నాయో చూసిరా. గట్టు కింద ఊట తేటగా ఉంటే రోజూ చూసుకో. మసకబారితే గట్టు లోపలి నుంచి కోసుకుపోతోందని అర్థం, ఆ క్షణమే చెరువుకి పంపింగ్ ఆపమని అడుగు. పెద్ద సంస్థలకు ఇలాంటివి జరగవనుకోకు. 2008 డిసెంబర్ 22న అమెరికాలో టెన్నెసీ రాష్ట్రంలోని కింగ్‌స్టన్ దగ్గర గట్టు తెగి 40 లక్షల ఘనపు మీటర్లకు పైగా బూడిద ఇళ్ల మీదా నది మీదా పడింది.

ఇప్పుడు నీ మీద ఒత్తిడి నా రోజులకన్నా ఎక్కువ. 2021 డిసెంబర్ 31 నోటిఫికేషన్ తర్వాత ప్రతి నెలా 5వ తేదీకల్లా బూడిద లెక్క ప్రభుత్వ వెబ్ పోర్టల్లో ఎక్కాలి. గడువులోగా వాడకుండా మిగిలిపోయిన బూడిదకి టన్నుకు 1000 రూపాయలు కట్టాలి. డబ్బు మాట రాగానే ఎవరో ఒకరు వచ్చి "ఈ నెలకి కాస్త సర్దమ్మా" అంటారు. నువ్వా, చిన్నప్పుడు నీ పలక లాక్కున్న పిల్లకి బలపం కూడా ఇచ్చి వచ్చిన దానివి. కాదని చెప్పడం నీకు చేతకాదు, నాకదే దిగులు. "కాగితం మీద రాసివ్వండి సార్" అను చాలు, గొంతు పెంచక్కర్లేదు. మాట వణికినా ఫర్వాలేదు, అంకె మార్చకు.

ఎండాకాలం చెరువు ఆరనివ్వకు, నీళ్లు చల్లిస్తూ ఉండమను. ఆరబోసిన మిరపకాయల మీద బూడిద పడుతోందని ఆడవాళ్లు గేటు దగ్గరికి వస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టి విను. గాలి ఎటు వీస్తోందో నీ మీటర్ కన్నా ముందు వాళ్లకు తెలుస్తుంది.

నీ కాలి సైజు రాయి, గమ్ బూట్లు నేను కొని పంపిస్తాను, ఆఫీసువాళ్లు ఇచ్చేవి మగవాళ్ల కొలతలకే ఉంటాయి. చేరిన రోజే గట్టు వాచ్‌మన్ నంబరు తీసుకో. నీ నంబరు అతనికివ్వు, అర్ధరాత్రైనా ఎత్తుతానని చెప్పు. తొలకరి పడిన రాత్రి గట్టు మీద నీళ్లకి ఇంకా ఎంత ఎత్తు మిగిలిందో చూసి నాకు చెప్పు. ఎంత పొద్దుపోయినా మేలుకునే ఉంటాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య