గళ్లు ఎక్కువా, రంగులు ఎక్కువా?

బరంపురం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పర్లాకిమిడి నుంచి నువ్వు రాసిన ఉత్తరం అందింది. పాత కంప్యూటర్ల వీజీఏ తెరకు ఆట తయారు చేస్తూ, అడ్డంగా 640, నిలువుగా 480 గళ్లు పెడితే (640×480) 256 రంగులు ఎందుకు కుదరవని అడిగావు. లెక్క వేసి చూడు. అవి 3,07,200 పిక్సెళ్లు, అంటే తెర మీది గళ్లు. 256 రంగులు కావాలంటే పిక్సెల్‌కు ఒక బైటు పడుతుంది. 1987 నాటి వీజీఏ కార్డులో ఉన్న మెమరీ 2,62,144 బైట్లు. అందుకే అక్కడ 16 రంగులతో సరి. 256 కావాలంటే 320×200కు దిగాలి.

నేను పని నేర్చుకున్నది వీజీఏకు ముందటి, ఇంతకన్నా ఇరుకైన సీజీఏ కార్డు మీద. అందులో 16 కిలోబైట్లే. 320×200లో నాలుగు రంగులు, 640×200లో రెండు. దేనికైనా ఖర్చు సరిగ్గా 16,000 బైట్లు. మీ తాతయ్య నేసే పట్టుచీర కుంభం అంచును మొదట నాలుగు రంగుల్లో గీశాను. ఎరుపు వచ్చింది కానీ, గోపురంలా సన్నబడాల్సిన రంపపు పళ్లు మొద్దుబారిపోయాయి. రెండోసారి నలుపు తెలుపుల్లో గీస్తే ప్రతి మెట్టూ లెక్కపెట్టుకునేలా కనిపించింది. ఆయన తెర ముందు చాలాసేపు కూర్చుని, "రంగు నా పోగుల్లో ఉంది, నాకు పళ్లు చూపించు చాలు" అన్నారు. చూసేవాడు తనంతట తాను నింపుకోగలిగిన దాని మీద బైట్లు పెట్టకూడదని నాకు ఆ రోజే తెలిసింది.

నీ ఆటలో మహేంద్రగిరి మీద సాయంత్రపు ఆకాశం ఉందన్నావు. ఆ నారింజ ఛాయలను ఎవరూ ఊహించుకోలేరు. కాబట్టి 320×200, 256 రంగులే తీసుకో. వీజీఏ చూపగల 2,62,144 రంగుల్లోంచి ఆ 256ను నువ్వే ఏరుకోవచ్చు. సగం ఆకాశానికే ఇచ్చెయ్. ఇంకా చారలు కనిపిస్తే డిథరింగ్ చెయ్, అంటే రెండు రంగుల చుక్కలను పక్కపక్కన కలిపి పేర్చు. ఎర్ర పడుగులో ఆకుపచ్చ పేక వేస్తే కంటికి మూడో రంగు తోస్తుంది చూడు, అదే పని. ఆ తెర మీద పిక్సెల్ వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువ. గళ్ల లెక్కన గుండ్రంగా గీసిన సూర్యుడు నిలువుగా సాగుతాడు, సరిచూసుకో.

ఇబ్బందల్లా తెలుగు మాటలతోనే. ఇంగ్లిష్ అక్షరం 8×8 గళ్లలో ఒదుగుతుంది. "లక్ష్మి" రాసి చూడు: పైన గుడి, మధ్యలో క్ష, కింద మ వత్తు. ఎనిమిది వరుసల్లో ఆ వత్తు నలుసులా మిగులుతుంది. కనీసం 16 వరుసలు ఇవ్వు. అప్పుడు తెర మొత్తానికి పట్టేది 12 పంక్తులే కాబట్టి సంభాషణలు కుదించు, వత్తులను మాత్రం కుదించకు. అక్షరాల అంచుల్లో రెండు మూడు బూడిద ఛాయలు పెడితే వంపులు నునుపుగా కనిపిస్తాయి. గళ్లు చాలని చోట రంగులు ఆదుకుంటాయి.

ముందు గళ్ల కాగితం మీద "లక్ష్మి" గీసి, వచ్చే ఆదివారం వచ్చేటప్పుడు తీసుకురా. అత్తయ్య నిన్ను అడుగుతోంది.

మీ మామయ్య