లైను తెగిన చోటల్లా అతికించకు

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. స్కాన్ చేసిన పాత కథల ఫైలూ, దాన్ని బాగుచెయ్యడానికి నువ్వు రాసిన పైథాన్ ప్రోగ్రామూ చూశాను. తెగిన లైన్లు కలపడానికి, న్యూలైన్ (లైను ముగిసిందని చెప్పే గుర్తు) కనిపించిన ప్రతిచోటా స్పేస్ పెట్టమన్నావు. అది చెప్పింది చెప్పినట్టు చేసింది. పేరాలు, సంభాషణలు, మధ్యలో వచ్చే కంద పద్యాలు అన్నీ కలగాపులగం అయ్యాయి.

అచ్చుపుస్తకంలో కాగితం వెడల్పు చాలక లైను తెగుతుంది. పేరా అయిపోయి తెగుతుంది, పద్యపాదం ముగిసి తెగుతుంది. ఫైల్లో మాత్రం అన్నిటికీ ఒకటే గుర్తు. ఏది ఏదో తెలియాలంటే దాని ఇరుగుపొరుగు చూడాలి, మామూలు రీప్లేస్‌కు ఆ చూపు లేదు. రీజెక్స్‌కు, అంటే నమూనా ఇచ్చి వెతికే పద్ధతికి, ఉంది: (?<! అంటే వెనక ఇది ఉండకూడదని, (?! అంటే ముందు ఇది ఉండకూడదని. పక్కవాటిని చూసి వదిలేస్తాయి, ముట్టుకోవు. నీకు కావలసిన షరతు ఇది: న్యూలైన్‌కు అటూ ఇటూ మరో న్యూలైన్ లేకపోతే, తర్వాతి లైను స్పేస్‌తో మొదలవకపోతే, అప్పుడే కలుపు. పద్యాలు లోపలికి జరిపి ఉంటాయి కాబట్టి బతికిపోతాయి. ఓసీఆర్ (స్కాన్ బొమ్మలోని అక్షరాల్ని టెక్స్ట్‌గా మార్చే ప్రోగ్రాము) ఆ జరుపును ఎగరగొట్టి ఉంటే మాత్రం పద్యాలకు చేత్తో గుర్తులు పెట్టుకోవాల్సిందే.

నువ్వు ఫైలును బైట్లుగా (ముడి అంకెలుగా) చదివి, తర్వాత అక్షరాలుగా డీకోడ్ చేశావు. విండోస్ ఫైల్లో లైను చివర రెండు గుర్తులుంటాయి. టెక్స్ట్‌గా తెరిస్తే పైథానే వాటిని ఒకటి చేసి ఇచ్చేది. ఇప్పుడు ఆ పని ముందు నువ్వు చెయ్యాలి, లేకపోతే ఖాళీ లైను ఖాళీగా కనిపించదు.

తర్వాత హైఫన్లు. ఒక లైను చివర ‘హైదరా-’, కింద ‘బాద్’. లైన్లు ముందే కలిపేస్తే ‘హైదరా- బాద్’ మిగులుతుంది. అందుకే హైఫన్ పని ముందు. అలాగని హైఫన్లన్నీ తీసెయ్యకు, ‘అమ్మ-నాన్న’ కూడా అక్కడే తెగి ఉండొచ్చు. రీజెక్స్‌తో వెతికి మార్చే పైథాన్ ఆదేశం సబ్‌కు, కొత్తగా పెట్టాల్సిన మాట బదులు ఒక ఫంక్షన్ ఇవ్వొచ్చు. ఆ ఫంక్షన్ రెండు ముక్కల్నీ కలిపి, ఆ మాట ఫైల్లో ఇంకెక్కడైనా ఉందేమో వెతకాలి. ఉంటే హైఫన్ తీసెయ్యి, లేకపోతే ఉంచు. నాకు ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి దొరకలేదు.

మాటను పట్టుకోవడానికి నువ్వు బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ (రీజెక్స్‌లో ‘మాటలో వచ్చే అక్షరం’ అని అర్థం) వాడావు. ఇంగ్లీషుకు సరే. పైథాన్‌లో రీజెక్స్ పని చేసే రీ మాడ్యూల్ దృష్టిలో మన గుణింతపు గుర్తులు అక్షరాలే కావు. ‘రాముడు’ అని ఇస్తే ర, మ, డ అని మూడు ముక్కలు చేతిలో పెడుతుంది. దాని బదులు యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకూ నంబర్లిచ్చే ప్రమాణం) తెలుగుకు ఇచ్చిన 128 స్థానాల పరిధి రాయి. జీరో విడ్త్ నాన్‌జాయినర్‌ను (పక్క అక్షరాలు కలవకుండా ఆపే గుర్తును) కూడా అందులో చేర్చు, అది ఆ పరిధిలో లేదు.

ఆ నాన్‌జాయినర్‌ను నువ్వు చెత్త అనుకుని ఊడ్చేశావు. కనపడదు గానీ, ‘సాఫ్ట్‌వేర్’లో వ ఒత్తుగా మారిపోకుండా కాసేది అదే. వెనక పొల్లు ఉంటే వదిలెయ్, లేని చోట తీసెయ్.

మొత్తం పుస్తకం మీద నడిపేముందు పది లైన్ల ముక్క తయారుచేసుకో. అందులో ఒక పద్యం, రెండు సంభాషణలు, ఒక తెగిన మాట, ఒక జంటపదం ఉండాలి. ఫలితాన్ని కొత్త పేరుతో సేవ్ చేసి, పాతదాన్నీ కొత్తదాన్నీ డిఫ్‌లో (రెండు ఫైళ్ల తేడాలు చూపే ప్రోగ్రాములో) పక్కపక్కన పెట్టి చూసుకో. ఆ రెండు ఫైళ్లూ నాకూ పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య