బిసోయి, బిషోయి, బిస్సోయి: ముగ్గురా, ఒక్కడా?

ప్రశ్న: బాబాయి గారూ, నమస్కారం. మాది పర్లాకిమిడి. డిగ్రీ స్టాటిస్టిక్స్ ఆఖరి సంవత్సరం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మా ఊళ్లోనూ గుణుపురంలోనూ జరిగే ఫుట్‌బాల్ టోర్నమెంట్ల స్కోర్లు మూడేళ్లుగా నోట్‌బుక్కులో రాస్తున్నాను. ఈ లెక్కలూ ఆటల రాతలూ బతుకుతెరువు అవుతాయా? నాన్న బ్యాంకు పరీక్షలు రాయమంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్.
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: తల్లీ, బ్యాంకు పరీక్ష రాయి. ఫుట్‌బాల్ రాతతోనే నెలనెలా జీతం తెచ్చుకునేవాళ్లు మన దేశంలో చాలా తక్కువ. భారత ఫుట్‌బాల్ చరిత్ర అనగానే అందరూ తలచుకునే నోవీ కపాడియా ఢిల్లీలో కాలేజీ పిల్లలకు ఇంగ్లిష్ పాఠాలు చెబుతూనే కామెంటరీ చెప్పారు, పుస్తకాలు రాశారు. నేనూ బరంపురంలో తపాలా గుమాస్తాగా పనిచేస్తూ, సాయంత్రాలు మైదానం గట్టు మీద కూర్చుని ముప్ఫై ఏళ్లు రాశాను. ఇంటికి జీతం వస్తోందన్న ధైర్యం ఉంటే ఏ టీం పెద్దమనిషికీ భయపడి రాయాల్సిన పని ఉండదు. ఈమధ్య డేటా కంపెనీలు వచ్చాయి. మ్యాచ్ వీడియో చూస్తూ ప్రతి పాస్‌నీ, ప్రతి షాట్‌నీ కంప్యూటర్లోకి ఎక్కించే ఉద్యోగాలు మన దేశంలోనూ ఉన్నాయి. నీ చదువుకు అవి సరిపోతాయి. స్టాట్స్‌బాంబ్ కంపెనీ కొన్ని మ్యాచ్‌ల వివరాలు ఉచితంగా ఇస్తోంది. బార్సిలోనాకు మెస్సీ ఆడిన లీగ్ మ్యాచ్‌లు అందులో ఉన్నాయి. వాటితో సాధన చేస్తే చేయి తిరుగుతుంది.

అయితే నీ అసలు ఆస్తి ఆ నోట్‌బుక్కు. అందులో స్కోరు ఒక్కటే ఉంటే చాలదు. తేదీ, మైదానం, ఎన్నో నిమిషం, గోల్ ఎవరిది, బంతి ఎవరు అందించారు, ఎవరి బదులు ఎవరు దిగారు – అన్నీ ఆ రోజే రాయాలి. ఎందుకంటావా? ఒక వానాకాలం ఫైనల్లో జెర్సీల నంబర్లు బురదతో కనపడలేదు. గెలిపించిన గోల్ ఎవరిదని పక్కనున్న వాళ్లని అడిగి, వాళ్లు చెప్పిన పేరే పత్రికకు పంపేశాను. మర్నాడు గోల్ కొట్టిన కుర్రాడు సైకిల్ మీద మా ఇంటికొచ్చాడు. గొడవ పడలేదు. స్పోర్ట్స్ కోటా దరఖాస్తుకు ఆ పేపరు ముక్క జతచేద్దామనుకున్నానని చెప్పి, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. సవరణ వేయమని పత్రికకు రెండుసార్లు రాశాను, వేయలేదు. ఆ తర్వాత ఏ మ్యాచ్ అయినా రిఫరీ దగ్గరున్న టీం షీటుతో పేర్లు సరిచూసుకోకుండా మైదానం దాటలేదు.

ఇంకోటి. మన సరిహద్దు జిల్లాల పిల్లలకే తెలిసే కష్టం ఇది. బిసోయి ఇంటిపేరు ఒడియాలో షకారంతో రాస్తారు, సకారంగా పలుకుతారు. ఒడియా పత్రిక చూసి రాసిన తెలుగు విలేఖరి బిషోయి అంటాడు. చెవితో విన్నవాడు బిసోయి అంటాడు. ఇంగ్లిష్ స్కోరు షీటులో ఒకచోట ఒక ఎస్సు, ఇంకోచోట రెండు. ఏడాది చివర లెక్క తీస్తే ఒక్క కుర్రాడి పన్నెండు గోల్స్ ముగ్గురికి నాలుగేసి చొప్పున పంచిపెట్టినట్టు ఉంటుంది. టాప్ స్కోరర్ కప్పు ఇంకెవరో పట్టుకుపోతారు! ప్రతి ఆటగాడికీ ఒక నంబరిచ్చి, ఊరూ తండ్రి పేరూ పక్కన రాసి, మూడు లిపుల్లోనూ పేరు రాసిపెట్టు. ఢిల్లీలోనో బెంగళూరులోనో కూర్చున్నవాళ్లు ఈ పని చేయలేరు. నువ్వు చేయగలవు. ముందుగా ఈ మూడేళ్ల నోట్‌బుక్కు నుంచి ఒక్క టోర్నమెంటు పూర్తిగా సరిచేసి నాకు పంపు. నేను కూర్చుని చూస్తాను.

ప్రశ్న: మూడు పాసుల్లోపే ఎక్కువ గోల్స్ వస్తాయని, బంతి దొరకగానే ముందుకు బాదమని మా కోచ్ అంటారు. లెక్కల్లో రుజువైందట. నిజమేనా?
– రాయగడ నుంచి ఒక ఆటగాడు

జవాబు: ఆ లెక్క చార్లెస్ రీప్‌ది. బ్రిటిష్ వైమానిక దళంలో అకౌంట్స్ అధికారి. 1950 మార్చి 18న స్విండన్ టౌన్, బ్రిస్టల్ రోవర్స్ మ్యాచ్ చూస్తూ, విరామంలో పెన్సిలూ పుస్తకమూ తీసి, రెండో సగంలో ప్రతి దాడినీ గీతలు గీసి లెక్కపెట్టాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి మ్యాచ్‌లు అలాగే రాశాడు. ఆ ఓపికకు దణ్ణం పెడతాను. గోల్స్‌లో దాదాపు 80 శాతం మూడు పాసుల్లోపే వచ్చాయన్నది నిజమే. కానీ అసలు దాడుల్లోనే 90 శాతానికి పైగా మూడు పాసుల్లోపే ముగిసిపోయేవి. అంటే ప్రతి వంద గోల్స్‌లో, నూటికి తొంభైసార్లు చేసిన పనికి ఎనభై, మిగిలిన పదిసార్లకు ఇరవై. ఏది మెరుగో నువ్వే చూడు. ఎన్ని గోల్స్ అని అడిగినప్పుడల్లా ఎన్నిసార్లు ప్రయత్నిస్తే అని కూడా అడగాలి. కోచ్ గారికి మర్యాదగా, ప్రాక్టీసు అయ్యాక చెప్పు.

ప్రశ్న: 1962 ఏషియాడ్ (ఆసియా క్రీడలు) ఫుట్‌బాల్ ఫైనల్లో రెండు గోల్సూ మన బలరాంవే అని మా తాతయ్య అంటారు. అవునా?
– బరంపురం నుంచి ఒక పాఠకుడు

జవాబు: కాదు బాబూ. సెప్టెంబర్ 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో గెలిచాం. గోల్స్ పి.కె. బెనర్జీవి, జర్నైల్ సింగ్‌వి. జర్నైల్ అసలు డిఫెండర్. తలకు కుట్లు పడ్డా, కోచ్ రహీం సాబ్ ఆయన్ని ఫార్వర్డ్‌గా దించారు. సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఉన్నారు. రహీం సాబ్‌ది హైదరాబాదు. తాతయ్య గారికి అభిమానం ఊరికే రాలేదు. ఆయన ఇంకా ఏయే మ్యాచ్‌లు విన్నారో, ఎవరి ఇంట్లో రేడియో పెట్టుకుని విన్నారో అడిగి, ఆయన చెప్పిన మాటల్లోనే రాసిపెట్టుకో.